అడ్డు లేని పిలుపు

విశ్వపతి మాస్టారు ఎవరితోనూ వాదించరు. ఎవరేం అడిగినా కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుంటూ కాసేపు ఆలోచించినట్టు నటించి, "సరే, ఆడి చూద్దాం" అంటారు. నటించి అని ఎందుకంటున్నానంటే, ఏళ్ళ తరబడి నాటకాలు వేయించిన మనిషికి జవాబు ఎప్పుడో సిద్ధంగా ఉంటుంది. అది తన నోటితో చెప్పడం ఆయనకి ఇష్టం ఉండదు, అంతే. ఈ అలవాటు వల్ల ఆయన దగ్గర నేర్చుకోవడానికొచ్చినవాళ్ళలో సగం మంది విసుగెత్తి వెళ్ళిపోయారు. మిగిలిన మేం కాస్త మొండివాళ్ళం.

కాకినాడలో ఆయన నాటక సమాజం మూతపడ్డాక పైఅంతస్తు హాలూ, ఒక పెద్ద బల్లా, ఆయన గొంతూ మిగిలాయి. పక్కింట్లో అద్దెకున్న కాలేజీ పిల్లలెవరో ఈ కథల ఆట పరిచయం చేశారు. వాళ్ళు చదువులైపోయి వెళ్ళిపోయారు గానీ ఆటని ఆయన వదల్లేదు. అదేమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరం ఒక్కో పాత్రని సృష్టించుకుంటాం. దానికి పేరూ, ఊరూ, శక్తులూ కాగితం మీద రాసుకుంటాం. మిగతా లోకమంతా మాస్టారిది. అడవి ఆయనే, రాజు ఆయనే, రాజుని చంపడానికొచ్చినవాడూ ఆయనే. మనం చేయబోయే పని అవుతుందో కాదో తెలియనప్పుడు ఇరవై ముఖాల పాచిక వేస్తాం. పెద్ద అంకె పడితే గట్టెక్కినట్టు, చిన్నది పడితే మునిగినట్టు.

మా బల్లకి రెండు కట్టుబాట్లున్నాయి. పనికి ఎక్కడ అడ్డు ఉంటుందో అక్కడ పాచిక వేయాలి, ఏం జరిగిందో మాస్టారు చెబుతారు. అడ్డు లేనిచోట పాచిక అక్కర్లేదు, ఏం జరిగిందో ఆటగాడే చెప్పుకుంటాడు. తాళం వేసిన తలుపు మాస్టారిది, తీసి ఉన్న తలుపు మనది. రెండో కట్టుబాటేమిటంటే, ఒక మనిషి మీద ఒక శక్తి ఒకసారి గురి తప్పితే అదే మనిషి మీద దాన్ని ఇక ఎప్పటికీ వాడకూడదు. దీనివల్ల మాలో ఒకడైన కరీముల్లా ఒక రాకుమారిని పోగొట్టుకుని, తను పాచిక వేస్తుంటే నేను దగ్గానని చాలా రోజులు నాతో మాట్లాడలేదు. బల్ల దగ్గర అతను వీరుడు, నేను దొంగని. బయట నేను ఇన్సూరెన్సు ఏజెంటుని. రెంటికీ పెద్ద తేడా లేదని అతని అభిప్రాయం.

హైమ మందుల షాపులో పనిచేస్తుంది. మా దగ్గరికి వచ్చి అప్పటికి కొన్ని నెలలే అయింది. ఎక్కువ మాట్లాడేది కాదు గానీ ఆమె అల్లిన పాత్రని చూసి మాస్టారు ముచ్చటపడేవారు. ఆ పాత్ర పేరు నిద్రగన్నేరు. దాని శక్తులన్నీ కలలకి సంబంధించినవే. 'జోల' పాడితే కోట కాపలావాళ్ళు నిద్రపోతారు, కానీ పాడిన ప్రతిసారీ నిద్రగన్నేరు తనకొచ్చిన పాటల్లో ఒకటి మరిచిపోతుంది. 'చేద' అని ఇంకోటి. నూతిలోంచి నీళ్ళు తోడినట్టు కలలోంచి ఒక వస్తువుని బయటికి తోడుకోవచ్చు, కానీ అది చేతిలో ఉన్నంతసేపూ కంటి మీద కునుకు ఉండదు. ఏ శక్తికి ఏ అడ్డు పెట్టాలో ఆమెకి పుట్టుకతో తెలుసు అనిపించేది. మేమందరం మా శక్తులకి అడ్డు పెట్టమంటే ముఖాలు మాడ్చుకునేవాళ్ళమే.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె కొత్త శక్తి రాసుకొచ్చింది. పేరు 'పిలుపు'. చచ్చిపోయినవాళ్ళని నిద్రగన్నేరు తన కలలోకి పిలుస్తుంది. పిలిస్తే వస్తారు. అడ్డు అని రాయాల్సిన చోట ఏమీ లేదు.

"ఇక్కడ ఖాళీ ఉంచావేమ్మా?" అన్నారు మాస్టారు.

"దీనికి అడ్డు వద్దండి."

"ఆయ్, ఇదేం అన్యాయమండీ!" అన్నాడు కరీముల్లా. "నా కత్తికి వానొస్తే తుప్పు పడుతుందని దగ్గరుండి రాయించారు!"

హైమ అతని వైపు చూడలేదు. "మిగతావాటికి ఇంకో రెండేసి అడ్డులు పెట్టండి మాస్టారూ, కిక్కురుమనను. ఈ ఒక్కదానికి వద్దు. పిలిస్తే ఎందుకు రాకూడదండీ?"

ఎవరిని పిలవబోతోందో మాకు తెలుసు. మురారి ఆమె తమ్ముడు. కిందటి వేసవిలో తుని నుంచి బండి మీద వస్తూ లారీ కింద పడి చనిపోయాడు. అంతకు కాస్త ముందు దారిలో ఎక్కడో ఆగి అక్కకి ఫోన్ చేశాడు. హైమ భోంచేసి పడుకుని ఉంది. ఫోన్ మోగుతూనే ఉంది గానీ, ఆమె కలలో అది పీచుమిఠాయి వాడి గంట. చిన్నప్పటి వీధిలో తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆ గంట వెనకాల పరిగెడుతోంది. "ఆ కల ఎంత బావుందో" అని మాతో ఒక్కసారే అంది, అని మొహం తిప్పేసుకుంది. మెలకువొచ్చి తిరిగి చేసేసరికి ఎత్తింది పోలీసాయన. వాడు ఎందుకు చేశాడో, ఏం చెప్పాలనుకున్నాడో ఆమెకి తెలియదు. అది తెలుసుకోవాలన్న ఆశ తప్ప ఆమెకి ఈ ఆటతో వేరే పని లేదని నాకు ఆ రోజే అర్థమైంది. ఆట అన్నాక అన్నిటికీ ఒప్పుకోవచ్చు కదా, మాస్టారు ఒప్పుకుంటే ఏం పోతుంది అనుకున్నాను.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "సరే, ఆడి చూద్దాం. అడ్డు లేదు. పిలువమ్మా."

హైమ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "నిద్రగన్నేరు నిద్రపోయింది. కలలో మా వీధి. తమ్ముణ్ణి పిలిచింది."

"పిలిచింది."

"వచ్చాడు."

"వచ్చాడు," అన్నారు మాస్టారు.

"నీలం చొక్కా వేసుకున్నాడు. 'అక్కా, లావయ్యావే' అన్నాడు." హైమ నవ్వింది. ఆమె అలా నవ్వడం మేం అంతకుముందు చూడలేదు.

"అన్నాడు."

"నా మీద కోపం లేదన్నాడు."

"లేదన్నాడు."

"నీ తప్పేం లేదే, నిద్రపోతే నువ్వేం చేస్తావు అన్నాడు."

"అన్నాడు."

నాకు మాస్టారి మీద ఒళ్ళు మండింది. పాడుబడ్డ కోటలో గబ్బిలానికి కూడా ఒక గొంతు పెట్టే మనిషి, ఆ కుర్రాడికి ఒక్క మాట అరువివ్వకుండా రసీదు కొట్టినట్టు ప్రతిదానికీ అన్నాడు, అన్నాడు అంటున్నారు. హైమ మాత్రం అవేమీ పట్టించుకునే స్థితిలో లేదు. ముందుకు వంగి గబగబా అడిగేసింది.

"ఆ రోజు ఎందుకు ఫోన్ చేశావురా అని అడిగాను."

"అడిగావు," అని మాస్టారు ఆగారు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. "ఏమన్నాడమ్మా?"

"మీరు చెప్పండి."

"అడ్డు లేనిచోట చెప్పేది నువ్వు."

హైమ పెదవులు తడుపుకుంది. "బండిలో పెట్రోలు అయిపోయిందని... కాదు. ఆ సంబంధం వద్దని నాన్నతో చెప్పమని... కాదు, అది అంతకుముందే చెప్పేశాడు. ఊరికే చేశాను, అన్నాడు."

"ఊరికే చేశానన్నాడు."

"అనలేదు!" అని అరిచింది హైమ. "వాడనలేదు మాస్టారూ. అన్నీ నేనే అంటున్నాను." బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కరీముల్లా లేచి మంచినీళ్ళు తెచ్చి, ఎలా ఇవ్వాలో తెలియక ఆ గ్లాసు పట్టుకునే నిలబడ్డాడు. నాకూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అందరూ వెళ్ళాక నేను ఆగి మాస్టారిని నిలదీశాను. "వాడి తరఫున మీరే ఏదో ఒకటి అనేస్తే మీ సొమ్మేం పోయేదండీ?"

"అంటే నమ్మేసేది," అన్నారాయన.

పై ఆదివారం ఇక ఆమె రాదనుకున్నాం. వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది. కాగితం మీద 'పిలుపు' పక్కన ఖాళీ లేదు. పద్దెనిమిది దాటి పడితేనే పిలిచినవాళ్ళు వస్తారని రాసి ఉంది.

"అంత కష్టమెందుకమ్మా, పది చాలదా?" అన్నాడు కరీముల్లా.

"బతికున్నప్పుడు కూడా వాడు ఒక పట్టాన ఫోన్ ఎత్తేవాడు కాదు," అంది హైమ.

"తప్పితే మళ్ళీ లేదు. తెలుసుగా?" అన్నారు మాస్టారు.

"తెలుసండి. వస్తే మాత్రం నాకు తెలియని మాట ఏదో ఒకటి అంటాడు కదండీ. అది చాలు."

ఆ మాట మాస్టారు కల్పించేదే అవుతుందని ఆమెకీ తెలుసు, మాకూ తెలుసు. అయినా అందరం కుర్చీలు ముందుకు జరుపుకున్నాం. ఒక పక్క ఇది పిచ్చి అనుకుంటూనే, పడాలి, పడాలి అని నేను లోపల మొక్కుకుంటున్నాను. హైమ పాచికని గుప్పెట్లో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వదిలాక అది బల్ల మీద దొర్లి, పకోడీల పళ్ళేనికి తగిలి ఆగింది.

నాలుగు.

"పళ్ళేనికి తగిలింది, చెల్లదు!" అన్నాడు కరీముల్లా. "పళ్ళేనికి తగిలిన పాచిక చెల్లదండి, మన రూలే కదా!"

అలాంటి రూలేదీ మాకు లేదు. అది ఆ క్షణంలో అతని నోట్లో పుట్టింది. నేనూ అవునవునన్నాను, దొంగని కదా. అందరం మాస్టారి వైపు చూశాం. హైమ కూడా చూసింది. చెల్లదని ఆయన ఒక్క మాటంటే కాళ్ళ మీద పడేలా ఉంది ఆ చూపు. మాస్టారి చెయ్యి పాచిక వైపు సగం దాకా వెళ్ళింది. ఆ చెయ్యి అక్కడే బల్ల మీద ఆగిపోయింది.

"చెల్లుతుంది," అన్నారు. గొంతు జీరబోయింది. రాజులూ రాక్షసులూ పలికిన ఆ గొంతు అలా అవడం నేనెప్పుడూ వినలేదు. తర్వాత ఏం జరిగిందో ఆయనే చెప్పారు, కట్టుబాటు ప్రకారం. "మీ వీధి ఉంది. ఎండ ఉంది. గంట వినిపిస్తోంది. మిఠాయి బండి చుట్టూ పిల్లలు మూగి ఉన్నారు. ఒక్కొక్కళ్ళ మొహం చూసుకుంటూ వెళ్ళావు. నీలం చొక్కా లేదు. బండివాడు గంట కొట్టుకుంటూ సందు తిరిగి వెళ్ళిపోయాడు. పిల్లలూ వెళ్ళిపోయారు. నువ్వు పిలిచావు. ఎవరూ రాలేదు."

హైమ ఈసారి ఏడవలేదు. ఏడ్చినా బావుండేది. పెన్ను తీసి, 'పిలుపు' అన్న మాటని అడ్డంగా కొట్టేసింది. కొట్టేసిన గీత మీదే మళ్ళీ మళ్ళీ గీస్తూ కూర్చుంది, కాగితం చిరిగేదాకా. కింద రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. వాడు ఏం చెప్పాలనుకున్నాడో ఇక ఏ లోకంలోనూ తెలిసే దారి లేదు. ఉన్న ఆ ఒక్క అబద్ధపు దారినీ తన చేత్తోనే మూసేసుకుంది. ఆమెని అక్కడిదాకా నడిపించిన ముసలాయన మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

చివరికి తలెత్తకుండానే అడిగింది. "ఎందుకు రాలేదండీ?"

మాస్టారు కళ్ళజోడు తీయలేదు. ఆలోచించినట్టు నటించనూ లేదు. పాచికని ఆ నాలుగు మీదే ఉంచి, పళ్ళెం మాత్రం పక్కకి జరిపారు.

"పోయిన వారం వచ్చింది నువ్వమ్మా," అన్నారు. "ఇవాళ రానన్నది వాడు."