పొట్ట కింద బెజ్జం

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త గవరమ్మ. మధ్యలో ఎవరు దగ్గినా ఆవిడ మళ్ళీ మొదటికొచ్చేది. కాబట్టి దగ్గకుండా వినండి పిల్లలూ.

అనగనగా సోమగిరిని ఏలే ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల ఎర్రగడ్డం మాంత్రికుడు ఒకడు, ఓడల్లో వచ్చినవాళ్ళని వచ్చినట్టే మట్టిబొమ్మలు చేసేస్తున్నాడు. వాణ్ణి చంపుతానని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. నడిపివాడు వెళ్ళాడు, రాలేదు. చిన్నవాడు మణిదీపుడు బయలుదేరుతూ రేవులో నూకాలు అంగడి దగ్గర ఆగాడు.

నూకాలు కుమ్మరి పిల్ల. కుండ చెయ్యమంటే చెయ్యదు. రెక్కల గుర్రాలు, రెండు తలల గద్దలు, తొండమున్న సింహాలు చేసి అమ్ముతుంది.

"ఇలాంటి గుర్రం ఎక్కడైనా ఉందా పిల్లా?"

"వెళ్తున్నారుగా దొరా, చూసొచ్చి మీరే చెప్పండి. కొనకపోతే మాత్రం కింద పెట్టండి, రెక్క విరుగుతుంది."

నవ్వాడు, కొన్నాడు, వెళ్ళాడు. అతనూ రాలేదు.

ఎండలు ముదిరాక, నూకాలు పాక గోడకి మట్టిగూడు కట్టుకున్న కందిరీగ రొప్పుతూ వచ్చింది.

"అక్కా, నా గూడు నువ్వు ఏనాడూ రాల్చలేదు, అందుకని చెబుతున్నా. ముగ్గురూ పచ్చిమట్టి బొమ్మలైపోయారు. నీ దొర రెక్కల గుర్రమై మాంత్రికుడి వాకిట్లో ఉన్నాడు. తొలి వాన పడిందా, బురదే!"

"మరి ఆ మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందే?"

"మట్టి చిలకలో. అదీ పచ్చిదే. నిరుటి చెమ్మకి తోక ఊడింది. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వడు."

నూకాలు బొమ్మల గంపతో సముద్రపు తాబేలు వీపెక్కింది. "గంప బరువా, నువ్వు బరువా?" అని తాబేలు ప్రతి సముద్రంలోనూ సణిగింది. "నీ నోరు బరువు, పద" అని నూకాలు ప్రతిసారీ అంది.

దీవి చేరేసరికి ఆకాశం నల్లబడింది. వాకిట్లో రెక్కల గుర్రం బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. నూకాలు దానికేసి చూడనైనా చూడలేదు.

"వానకి కరగని బొమ్మలమ్మా, బొమ్మలూ!" అని కేకేసి, గద్ద బొమ్మ మీద కడివెడు నీళ్ళు గుమ్మరించింది. ఇసుమంత మట్టి కూడా కరగలేదు.

మాంత్రికుడు పరుగెత్తుకొచ్చాడు. "నా చిలకని ఇలా చెయ్యగలవా?"

"ఆవంలో కాలిస్తే ఏదైనా ఇంతే సామీ. పొట్ట కింద బెజ్జం మాత్రం పెట్టాలి."

"బెజ్జమా! లోపలున్నది పోదూ?"

పిడకలు పేర్చి రెండోసారి చెప్పింది, "బెజ్జం పెట్టండి సామీ." వాడు గుడ్లురిమాడు. నిప్పు పట్టుకుని మూడోసారి చెప్పింది, "బెజ్జం లేకపోతే పగులుతుంది సామీ."

"నా దగ్గరా నీ మోసం!" అన్నాడు వాడు. ఊరందర్నీ మోసం చేసినవాడికి ఒకరి నిజం ఎలా చెవికెక్కుతుంది? ఊడిన తోక దగ్గర సందు ఉంటే దాన్ని కూడా మట్టి మెత్తి మూసి, చిలకని తన చేత్తోనే ఆవంలో పెట్టాడు.

ఆవం రాజుకుంది. లోపల ఠప్పుమంది. బయట మాంత్రికుడు కుప్పకూలాడు. అప్పుడే తొలి చినుకులు గుర్రం మీద పడ్డాయి, అవి పడుతుండగానే మట్టి మనిషైంది. అన్నలూ లేచారు, ఓడలవాళ్ళూ లేచారు. మణిదీపుడి భుజాల మీద చినుకుల గుంటలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

"చూసొచ్చాను పిల్లా, ఉంది అలాంటి గుర్రం. నన్ను పెళ్ళాడతావా?"

"మట్టి తొక్కడం వచ్చా?"

"నేర్చుకుంటాను."

నేర్చుకున్నాడు. రోజూ పొద్దున్నే మట్టి తొక్కి, కాళ్ళు కడుక్కుని సింహాసనం ఎక్కేవాడు. ఇద్దరూ పిల్లాపాపలతో నూరేళ్ళు ఏలారు.

ఇదీ కథ. అవతలి ఊళ్ళో జముకు వాయిస్తూ కథలు పాడే సింహాచలం అనేవాడు తిరునాళ్ళలో మణిదీపుడే కత్తితో చిలక గొంతు కోశాడని పాడుతున్నాడు. కత్తి ఎక్కడిది? ఆ పూట మణిదీపుడు గుర్రం కదా, కత్తి ఏ గిట్టతో పట్టాడట? వాడితో నాకు మాటల్లేవు. మీలో ఎవరైనా వెళ్ళి, మాంత్రికుణ్ణి చంపింది నూకాలే అని చెప్పి, ఆ పాట దిద్దించండి.