పోలయ్య వెన్ను

డాక్టర్ మస్తాన్ వలీ దగ్గర రెండేళ్లుగా నరాల వైద్యం నేర్చుకుంటున్న వినీలకు, జబ్బును చూడగానే పోల్చుకుంటుందని పేరు. ఆ పేరంటే ఆమెకూ ఇష్టమే.

డాక్టరుగారు ఊళ్లో లేనప్పుడు అంకమ్మ అనే ఆమె తన భర్త పోలయ్యను ఆసుపత్రికి తీసుకొచ్చింది. కాళ్లు పట్టు తప్పుతున్నాయి. స్కానింగులో వెన్నుపాము వాచి కనిపించింది. ఒంట్లోని రక్షణశక్తే తిరగబడి వెన్నుపాము మీద పడిందని వినీల పది నిమిషాల్లో తేల్చి, స్టెరాయిడ్లు మొదలుపెట్టింది. మూడో రోజుకి పోలయ్య గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాడు. అంకమ్మ వినీల చేతులు కళ్లకద్దుకుంది.

వారం తిరిగేసరికి కాళ్లు పూర్తిగా పడిపోయాయి. వినీల మందు మోతాదు పెంచింది.

మస్తాన్ వలీ తిరిగొచ్చి కేసు షీటు చూశారు. వృత్తి అన్నచోట 'కూలి' అని ఉంది. వెళ్లి పోలయ్య మంచం మీదే ఓ పక్కన కూర్చున్నారు.

"ఏం కూలి పోలయ్యా?"

మూతపడిన బియ్యం మిల్లు శుభ్రం చేసే పనికి పోయానని పోలయ్య చెప్పాడు. ఏళ్ల తరబడి పేరుకున్న పావురాల రెట్ట గోకి బస్తాలకెత్తాడు. మూడు వారాలు. ముక్కుకు తువ్వాలు కట్టుకున్నా ఆ దుమ్ము ఆగేది కాదట.

వెన్నులోంచి నీరు తీశారు. అందులో నల్లసిరా చుక్క కలిపి మైక్రోస్కోపులో చూస్తే, నలుపు మధ్య తెల్లటి వలయాలు. ఫంగస్. పావురాల రెట్టలో పెరిగేదే, దుమ్ముతో ఊపిరిలోకి పోయింది. అది వెన్నుపాము దాకా పోవడం చాలా అరుదు. వినీల ఇచ్చిన మందు వాపును కొన్నాళ్లు అణిచింది, ఒంటి రక్షణశక్తినీ అణిచి ఫంగస్‌ను మాత్రం పెరగనిచ్చింది.

మందు మార్చారు. ప్రాణం నిలిచింది. నెల గడిచినా కాళ్లు కదల్లేదు. ఇక రావని అంకమ్మకు వినీలే చెప్పింది. తన పొరపాటూ దాచలేదు. అంతా విని అంకమ్మ మంచినీళ్ల సీసా తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం వినీల చదువు మానేస్తానని కాగితం రాసుకుని గురువుగారి కోసం వార్డులోకి వచ్చింది. ఆయన పోలయ్య దగ్గరే ఉన్నారు. పోలయ్య గోడవైపు చూస్తున్నాడు.

"సార్, ఇది లక్షలో ఒకరికి వచ్చేదే కావచ్చు. కానీ అడగాల్సిన మాట నేను అడగలేదు. ఈ పనికి నేను తగను."

ఆయన కాగితం అందుకోలేదు. ఆయన చేతులు రెండూ పోలయ్య భుజాల కింద ఉన్నాయి.

"అటు పట్టుకో."

వినీల కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పోలయ్య తుంటి కింద చేతులు చొప్పించింది. ఇద్దరూ కలిసి అతన్ని పక్కకు తిప్పారు. కాళ్లు బరువుగా, ఆలస్యంగా వచ్చాయి. నడుం కింద చర్మం కందిపోయి ఉంది. ఇంకొన్ని గంటలు అలాగే పడుకుంటే పుండు పడేది. ఆయన మోకాళ్ల మధ్య దిండు సర్ది, దుప్పటి కప్పారు.

"ఇప్పుడు మూడయింది," అన్నారు మస్తాన్ వలీ. "ఐదింటికి మళ్లీ తిప్పాలి."