గవరమ్మ కొంగున గడియారం

రంగవరం సంస్థానంలో గడియారమున్న ఇళ్లను వేళ్లమీద లెక్కపెట్టగలిగిన రోజులవి. పెద్దరాణిగారికి జడలు వేసిన మేనత్త పోతూ పోతూ, రాణిగారు తనకు బహూకరించిన ఆడవాళ్ల చేతిగడియారాన్ని గవరమ్మకిచ్చింది. అది అమ్మితేనే దూరాన పట్నంలో నర్సు చదువుతున్న కూతురికి ఆఖరి ఏడు చదువు జీతం కట్టగలదు. అందుకే దాన్ని కొంగున ముడేసుకుని, దారిపొడవునా ముడి తడుముకుంటూ బంగారం నిగ్గు తేల్చే ఆస్థాన పరీక్షకుడు కామరాజు దగ్గరికి వెళ్లింది.

ఆయన వెనక మూత తీసి, భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"ఇత్తడికి బంగారు పూత. ఐదు రూపాయలిస్తాను, వదిలేసి పో."

గవరమ్మ గడియారాన్ని వెనక్కి తీసుకుంది. పిల్ల చదువు మధ్యలో ఆగిపోతుందేమో! అంతలోనే ఇంకో దిగులు పట్టుకుంది.

"బాబుగారూ, పెద్దరాణిగారు ఇలాంటివి రెండు కొన్నారండి. రెండోది ఇప్పుడు చిన్నరాణిగారి చేతికుంది. రెండూ అసలు బంగారమని ఆనాడు రాసిచ్చింది తమరేనట. పాపం, ఆవిడ ఇత్తడి పెట్టుకు తిరుగుతున్నారన్నమాట! కోట ఉప్పు తిన్న ఇంటిదాన్ని, చెప్పకుండా ఎలా ఉండను? ఇటునుంచి ఇటే వెళ్తాను."

కామరాజు నుదుటన చెమట పట్టింది.

"ఉండవమ్మా! మబ్బు పట్టి సరిగా కనబడలేదు. ఏదీ, మళ్లీ ఇలా తే."

ఈసారి చూడగానే అది అసలు బంగారమైపోయింది. వెల నాలుగు వందలని రాసి, ముద్ర వేసి, "నేనే కొంటానులే" అన్నాడు.

గవరమ్మ కాగితాన్నీ గడియారాన్నీ కలిపి కొంగున గట్టిగా ముడేసింది.

"వద్దు బాబుగారూ. డబ్బిచ్చేలోగా మళ్లీ మబ్బు పడితే నా పిల్ల ఏమైపోవాలి?"