చిలుక పాడిన మూడు మాటలు

అనగనగా, మీ తాతగారి తాతలు కూడా పుట్టకముందు, సువర్ణవాటి అనే పట్నాన్ని జయధరుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వీరకేతు, మహా బలశాలి. రెండోవాడు రణకేతు, కత్తిసాములో దిట్ట. మూడోవాడు చారుకేతు. వాడికి చిన్నప్పటి నుంచీ ఒకటే ధ్యాస. ఏ మాట విన్నా, "దీనికి అర్థమేమిటి? ఇదెక్కడి నుంచి వచ్చింది?" అని అడిగేవాడు. అన్నలు నవ్వేవారు. మేనత్త కూతురు సౌగంధిక మాత్రం, "అడుగు బావా, నాకూ తెలుసుకోవాలనుంది" అనేది.

ఒకనాడు సౌగంధిక తోటలో పూలు కోస్తుంటే కంకాళుడనే మాంత్రికుడు సుడిగాలిలా వచ్చి ఆమెను ఎత్తుకుపోయాడు. వాడి చేతిలో ఇనుప పంజరం, అందులో ఒక చిలుక. "నా ప్రాణం ఈ చిలుకలో ఉంది. ఏడు సముద్రాల అవతల నా కోట ఉంది. చేతనైతే రండి!" అని ఆకాశంలోంచి అరిచాడు. చిలుక సన్నగా పాడింది:

"కేలికి చిక్కను, వాలుకు తెగను,
ఈవికి లొంగుదు, ఎవరున్నారు?"

అవి బాగా పాతమాటలు. పట్నంలో ఎవరికీ అర్థం కాలేదు.

"పాటతో మనకేం పని?" అని వీరకేతు వెళ్ళాడు. చిలుకను చేత్తో పట్టబోయి రాయైపోయాడు. రణకేతు వెళ్ళాడు. కత్తి దూసి, చిలుక మీద వేటు వేయబోయి రాయైపోయాడు. సముద్రం మీది కొంగలు ఆ కబురు మోసుకొచ్చాయి.

చారుకేతు తండ్రి కాళ్ళకు మొక్కాడు. రాజు కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

"ఇద్దరు పోయారు నాయనా. నువ్వూ పోతే నేనెవరిని చూసుకుని బతకను?"

"ఆ మూడు మాటలకూ అర్థం తెలుసుకోకుండా కోటలో అడుగు పెట్టను నాన్నగారూ."

పోగా పోగా అడవిలో ఒక ముసలి ఏనుగు కుంటుతూ కనిపించింది. చారుకేతు దాని కాలిలో దిగిన ముల్లు తీశాడు. "నీకేం కావాలి బాబూ?" అంది ఏనుగు.

"కేలు అంటే ఏమిటో చెప్పు తాతా."

"చెయ్యి నాయనా. కేలు మోడ్చి మొక్కడమంటే చేతులు జోడించడమే" అని తొండమెత్తి దీవించింది.

ఇంకా పోగా ఏరు సముద్రంలో కలిసేచోట ఒక వాలుగ చేప తెగిన వలలో చిక్కుకుని గిలగిల్లాడుతోంది. చారుకేతు చిక్కు విప్పాడు. "వాలు అంటే తెలుసా నీకు?" అని అడిగాడు.

"తెలియకేం? వాలు అంటే కత్తి! కత్తిలా మెరుస్తామనే మమ్మల్ని వాలుగలన్నారని మా అమ్మమ్మ చెప్పేది" అని నీళ్ళలో తళుక్కున తిరిగింది.

ఒడ్డున ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి ఉంది. చారుకేతు దాన్ని బోర్లా తిప్పాడు. "ఎక్కు బాబూ" అని అది ఏడు సముద్రాలూ దాటించింది.

"ఇంత దూరం మోశావు, నీకేమివ్వను అవ్వా?"

"ఏమీ వద్దు. ఇది నా ఈవి. అంటే, మనసారా ఇవ్వడం. 'ఇవ్వు' అనే మాటకు అక్క అది. తిరిగి ఏదో వస్తుందని ఇస్తే అది ఈవి కాదు సుమా!"

చారుకేతు కోటలోకి వెళ్ళాడు. పంజరానికి అటూ ఇటూ అన్నలిద్దరూ రాళ్ళై నిలబడి ఉన్నారు. స్తంభానికి కట్టేసిన సౌగంధిక, "బావా, చిలుకను ముట్టుకోకు!" అని కేకవేసింది.

చారుకేతు చెయ్యి చాపలేదు, కత్తి దూయలేదు. అది చూసి కంకాళుడు పకపకా నవ్వాడు. "ఈవి అంటే తెలుసుకునే వచ్చావన్నమాట! బంగారు పళ్ళెంలో దానిమ్మలు పెడుతున్నాను దీనికి. అంతకన్నా ఏమిస్తావురా నువ్వు?"

చారుకేతు దగ్గర పిడికెడు అటుకులు తప్ప ఏమీ లేవు. ఏం చెయ్యాలో తోచక చిలుక వంక చూశాడు. చిలుక దానిమ్మల వంక చూడటం లేదు. కిటికీలోంచి కనిపించే ఆకాశం వంకే చూస్తోంది.

వాడు చటుక్కున పంజరం తలుపు బార్లా తీసి పక్కకు జరిగాడు.

"చిలకమ్మా, నిన్ను నీకే ఇస్తున్నాను. ఎగిరిపో. నాకేమీ అక్కర్లేదు."

కంకాళుడి నవ్వు ఆగిపోయింది. "వద్దు! వద్దు!" అని పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే చిలుక రివ్వున బయటకొచ్చి, కిటికీ మీద వాలి, రెక్కలు విదిలించి, గట్టిగా దగ్గింది. దాని గొంతులోంచి నల్లటి గింజ ఒకటి టక్కున కింద పడి పగిలింది. అదే కంకాళుడి ప్రాణం! వాడు నిలుచున్నచోటే కుప్పకూలి బూడిదైపోయాడు.

రాళ్ళు కదిలాయి. వీరకేతు ఒళ్ళు విరుచుకున్నాడు. రణకేతు ఎత్తిన కత్తి దించాడు. చారుకేతు కట్లు విప్పుతుంటే సౌగంధిక నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. అన్నలిద్దరూ తమ్ముణ్ణి భుజాల మీదికి ఎత్తుకుని, "మా తమ్ముడు! మా తమ్ముడు!" అని కోటంతా గంతులేశారు.

సువర్ణవాటిలో నగారాలు మోగాయి. చారుకేతుకూ సౌగంధికకూ ఆకాశమంత పందిరి వేసి పెళ్ళి చేశారు. రాజు చిన్నకొడుక్కి పట్టం కట్టాడు. అన్నలు చెరో వైపునా నిలబడి సంతోషంగా వింజామరలు వీచారు. వాళ్ళ ఏలుబడిలో వానలు వేళకు కురిశాయి, పంటలు విరగపండాయి. మనవలూ మునిమనవలూ ఒళ్ళో ఆడుకునేదాకా ఆ దంపతులు చల్లగా రాజ్యమేలారు.