మూడు చక్రాల మీద

నలభై రోజులు కోపం తెచ్చుకోనని దస్తగిరి తన గురువు జైనుల్లా బాబా ముందు మాటిచ్చాడు. ఇరవయ్యారో రోజున చారులో ఉప్పు ఎక్కువైందని దర్గా వంటవాడి చెంప పగలగొట్టాడు.

మర్నాడు పొద్దున్నే మూట కట్టుకుని బాబా ముందు నిలబడ్డాడు.

"సెలవియ్యండి బాబా, ఇంటికి పోతా. తెగింది తెగిపోయింది. మిగతా పద్నాలుగు రోజులు ఏం చేసినా దండగే."

బాబా బదులు చెప్పేలోపలే గూడెం నుంచి ఒక మనిషి పరుగెత్తుకొచ్చాడు. తన భార్య బయమ్మకు తెల్లారుజాము నుంచి నొప్పులట. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసిందట.

"పోదువుగానిలే. ముందు జీపు తియ్యి" అన్నాడు బాబా.

భర్తను ఇంటి దగ్గర పిల్లలను చూసుకోమని, బయమ్మనూ ఆమె అత్తనూ వెనక ఎక్కించుకుని బయల్దేరారు. నల్లమల దారి. ఆసుపత్రి ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా ముందు ఎడమ చక్రం ఊడింది. వీళ్ళకంటే ముందు దొర్లుకుంటూ పోయి లోయలో పడింది. జీపు ఓ పక్కకు ఒరిగి ఆగిపోయింది.

దస్తగిరి దిగి చూసి తల పట్టుకున్నాడు. "అయిపోయింది బాబా. ఏదన్నా బండి వచ్చేదాకా..."

"సాయంత్రం బస్సు తప్ప ఈ దారిన ఏదీ రాదయ్యా" అంది అత్త. బయమ్మ పళ్ళు బిగపట్టి సీటు కమ్మీ పట్టుకుంది.

బాబా జీపులో ఉన్న గొడ్డలి తీసుకుని చెట్లలోకి నడిచాడు. నిలువెత్తు దుంగ నరికి తెచ్చాడు. జాకీ పెట్టి జీపు లేపించాడు. చక్రం ఊడినచోట ఇరుసు కింద దుంగ పెట్టి, దాని తోక నేలకానేట్టు వెనక్కి వదిలి తాడుతో బిగించాడు. ఆడవాళ్ళిద్దరినీ వెనక కుడివైపుకు జరిపి, తనూ ఆ వైపు మెట్టు మీద బరువంతా వేసి నిలబడ్డాడు.

"నడుపు."

"పోతుందా బాబా?"

"నడుపు."

జీపు కదిలింది. దుంగ నేలను గీసుకుంటూ వచ్చింది. బండి ఎడమకు గుంజితే దస్తగిరి కుడికి గుంజాడు. భుజాలు పీకాయి. అరచేతులు బొబ్బలెక్కాయి. రెండు కిలోమీటర్లకే దుంగ అరిగి విరిగింది. బాబా ఇంకోటి నరికి కట్టాడు. అదీ విరిగింది. ఈసారి బాబా మెట్టు దిగేసరికే దస్తగిరి గొడ్డలితో చెట్ల మధ్య ఉన్నాడు.

మధ్యాహ్నానికి జీపు ఆసుపత్రి గేటులోకి ఈడ్చుకుంటూ వచ్చింది. బయమ్మను లోపలికి తీసుకెళ్ళారు. గంట గడిచాక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. తల్లికి గండం గడిచిందని నర్సు వచ్చి చెప్పింది.

గేటు దగ్గరి వాచ్‌మన్ జీపు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"చక్రం పోయిన బండిని ఎట్లా తెచ్చినారు సామీ?"

బాబా దస్తగిరి అరచేతుల మీద నీళ్ళు పోస్తున్నాడు. తలెత్తకుండానే అన్నాడు:

"పోయినదాంతో మాకేం పని నాయనా? ఉన్న మూడూ తిరుగుతానే ఉన్నాయి గదా."