బుచ్చవ్వ పక్కన

ఏసుపాదం అయ్యగారిని ఏది అడిగినా వెంటనే జవాబు దొరికేది కాదు. ప్రశ్న అడిగినవాడే దాన్ని కొంతదూరం మోయాలని ఆయన పట్టుదల. బైబిలు వాక్యం నేర్చుకుందామని ఆయన దగ్గర చేరిన నతానియేలుకు ఈ పద్ధతి ఎన్నడూ మింగుడుపడలేదు.

ఒక శుక్రవారం ఇద్దరూ ఉపవాస ప్రార్థనకని పక్క ఊరికి నడిచిపోతున్నారు. లోకం మీద నతానియేలుకు పీకలదాకా కోపం. తాగుబోతులు, లంచగొండులు, అన్నం పెట్టిన చేతినే కరిచేవాళ్లు, ఎవరిని చూసినా అతనికి ఒళ్లు మండేది. ఉండబట్టలేక అడిగేశాడు.

"అయ్యగారూ, లోకమంతా చీకటైపోయింది. మనల్నేమో వెలుగుగ బతకమంటరు. ఇంత చీకట్ల ఎట్ల బతకాలె?"

అయ్యగారు విన్నారు. చెప్పులో గుచ్చుకున్న ముల్లు తీసుకుని మళ్లీ నడక సాగించారు.

ఎండ నడినెత్తిన ఉండగా వాళ్లు చేరేసరికి ఆ ఊరి చర్చిలో ప్రార్థన జోరుగా సాగుతోంది. సంఘపెద్ద సాల్మను మోకాళ్ల మీద నిలిచి, "ప్రభువా, మా సంఘాన్ని ఈ ఊరికి దీపంగ నిలబెట్టు" అని గొంతెత్తి వేడుకుంటున్నాడు. అప్పుడే బయటి నుంచి ఒక ముసలి గొంతు గావుకేక పెట్టింది.

నతానియేలు కిటికీలోంచి చూశాడు. ఎదురుగా కరెంటు స్తంభానికి బుచ్చవ్వను కట్టేస్తున్నారు. నా అన్నవాళ్లు లేని మనిషి. చెట్ల మందులు ఏరుకుంటూ, తనలో తాను గొణుక్కుంటూ తిరుగుతుంటుంది. ఆ ఊరి మల్లేశం భార్యకు మూర్ఛలు వస్తుంటే, అది బుచ్చవ్వ చేసిన బాణామతేనని ఎవడో భూతవైద్యుడు చెప్పాడట. పళ్లు ఊడబీకితే మంత్రం పారదని, మల్లేశం పటకారు పట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ ఊరు ఊరంతా చేరింది.

సాల్మను ప్రార్థన ఆపి తల తిప్పాడు. "కిటికీలు మూయుండ్రి. సైతానుగాడు మన ప్రార్థన చెడగొట్టాల్నని చూస్తున్నడు."

కిటికీకి దగ్గరున్నది నతానియేలే. అతని చెయ్యే రెక్క మూసింది. లోపలివాళ్లంతా పాట అందుకున్నారు.

అయ్యగారు లేచారు. ఆ ముఖం అంత ఎర్రబడటం నతానియేలు ఎన్నడూ చూడలేదు. బయటికి నడిచి, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వెళ్లి, బుచ్చవ్వ పక్కన అదే స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డారు.

"మల్లేశం! మొదలు నా పండ్లు పీకు. నేను గూడ పొద్దు లేస్తే గొణుగుతనే ఉంట. నీ పెండ్లాం పేరు జెప్పి గూడ గొణిగిన."

"నీకు సంబంధం లేదు అయ్యగారూ, పక్కకు జరుగు!"

ఆయన జరగలేదు. మల్లేశం చేతిలోని పటకారుతోనే ఒక్కటి కొట్టాడు. అది అయ్యగారి పెదవిని చీల్చింది. తెల్లచొక్కా మీద నెత్తురు కారింది. అయినా ఆయన నోరు తెరిచే నిలబడ్డారు.

నతానియేలు తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. వెనక పాట ఇంకా సాగుతూనే ఉంది. ఇందాక రెక్క మూసిన తన చేతిని చూసుకుని తన మీద తానే మండిపడ్డాడు. ఆ మంటలోనే పరుగెత్తి బుచ్చవ్వకు రెండోపక్క నిలబడ్డాడు. అతని వెనక పాడటం ఆపేసి ఎస్తేరమ్మ వచ్చింది, ఆమె వెనక మరో ఇద్దరు ఆడవాళ్లు. ఎస్తేరమ్మ మల్లేశం కళ్లలోకి చూస్తూ, "నీ పెండ్లాన్ని దవాఖానకు తీస్కపోక ముసల్దాని పండ్లేం జేసుకుంటవురా?" అని గద్దించింది.

మల్లేశం చెయ్యి దిగిపోయింది. వాడు నేల మీద కూలబడి ఏడ్చాడు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుని మెల్లగా చెదిరిపోయారు. నతానియేలు కట్లు విప్పుతుంటే బుచ్చవ్వ అతని చొక్కా పట్టుకుని చాలాసేపు వదలలేదు.

అంతా సద్దుమణిగాక సాల్మను బయటికి వచ్చాడు. "స్తోత్రం అయ్యగారూ! దేవుడు మన ప్రార్థన ఆలకించిండు."

"నోర్ముయ్!" అన్నారు అయ్యగారు, పెదవి మీద నెత్తురు తుడుచుకోకుండానే. "దేవుడు ఆలకించింది ఈమె మొర. అది నీకు గూడ వినబడ్డది."

ఇద్దరూ తిరుగుదారి పట్టారు. ఊరు దాటాక అయ్యగారు ఆగారు. కోపం ఇంకా చల్లారలేదు.

"లోకం చీకటైందన్నవ్ గద," అన్నారు. "అది మిట్టమధ్యాహ్నం, బిడ్డా. అందరికీ అన్నీ కనబడ్డయి."