గౌతమికి పేరు చెప్పని ఇల్లాలు

పూర్వమొకప్పుడు గౌతమీ తీరమున పర్ణాశన మహర్షి శిష్యులతో కూర్చుండియుండగా, దూరదేశమునుండి వచ్చిన శంఖకేతుడను ముని నమస్కరించి యిట్లడిగెను. "స్వామీ, ఈ రేవున స్త్రీలు పడవ యెక్కుటకు ముందు దీపము చేతబట్టి పెనిమిటి పేరు ఎలుగెత్తి చెప్పుచున్నారు. మా దేశమున ఇల్లాలు భర్త పేరు పలుకదు. ఇదేమి ఆచారము?" పర్ణాశనుడు, అది గౌతమీ నామదీప వ్రతమనియు, మాణిక్యాంబ యను ఇల్లాలి కన్నీటిచేత రేవు వాడుకయే వ్రతమైనదనియు పలికి, కథ చెప్పసాగెను.

కోటిరేవను గ్రామమున పూర్ణచంద్రుడను గృహస్థుడుండెను. తమలపాకు తోటలు, పాడి, నవ్వుమొగము గలవాడు. అతని భార్య మాణిక్యాంబ గుణవంతురాలే గాని, ఆమెకొక గర్వముండెను. పెండ్లినాడు ఆడపడుచులు గడపకు అడ్డు నిలిచి, పెనిమిటి పేరు చెప్పిన గాని లోనికి రానీయమనగా, ఆమె పొద్దు వాలువరకు నోరు విప్పలేదు. తుదకు అత్తగారే జాలిపడి దారి ఇప్పించెను. నాటినుండి ఆ పేరే కాదు, ఆ పేరులోని ముక్కలును ఆమె నోట రాలేదు. చంద్రుని "తెల్లనయ్య" అనెను. పౌర్ణమిని "నిండునాడు" అనెను. బూరెలలోని పూర్ణమును సైతము "లోపలిది" అనుటచేత తోడికోడండ్రు కొంగు అడ్డుపెట్టుకొని నవ్విరి. ఊరివారు మాత్రము పతివ్రత యన్న ఈమెయేయని మెచ్చిరి. ఆ మెప్పు ఆమె తలకెక్కెను.

కార్తికమున బంధువులందరు కూడి, తాటాకు కప్పు వేసిన పెద్ద కొయ్యపడవలో కొండల నడుమకు పోయి, పడవలోనే వండుకొని తిని, వెన్నెలలో నిద్రించి, మరునాడు తిరిగివచ్చుట ఆ రేవున వాడుక. పోవుటకు ముందు పడవ ముక్కునకు పసుపు పూసి, దీపము వెలిగించి, ఎక్కువారి పేర్లను వారివారి ఇంటి ఆడువారు గోదావరికి చెప్పవలెను. పడవవాడు పోలయ్య ఆ మాటే చెప్పెను.

"అమ్మగారూ, అయ్యగారి పేరు గోదారమ్మకి సెప్పేయండి. పేరు తెలిత్తేనే మనిసిని మనకి ఒప్పసెప్పుద్దండి ఆవిడ."

తోడికోడండ్రు చెప్పిరి. మాణిక్యాంబ "మా వారు" అని గొణిగి దీపము నీట విడిచెను. ఆ రాత్రి పడవ ఇసుక మేటనెక్కి తెల్లవారువరకు కదలలేదు. అందరు సుఖముగ నుండగా పూర్ణచంద్రుడొక్కడే చలిజ్వరముతో వణకెను. నెల దినములు మంచము పట్టెను. పేరు చెప్పకపోవుటచేతనే ఇట్లైనదని పోలయ్య ఇంటికివచ్చి చెప్పగా, మరుసటియేడు తప్పక చెప్పెదనని ఆమె మ్రొక్కుకొనెను. జ్వరము తగ్గెను. తగ్గినపిమ్మట, తన పాతివ్రత్యమే అతని గండమును గడపినదని ఆమెకు తోచెను. మనుజుల బుద్ధి ఇట్టిది.

మరుసటి కార్తికము వచ్చెను. దీపము పట్టుకొని ఆమె రేవున నిలుచుండగా, పూర్ణచంద్రుడు దగ్గరకు వచ్చి నవ్వుచు అడిగెను.

"ఒక్కసారి అనవే మాణిక్యం. నా పేరు నీ నోట ఎలా ఉంటుందో నాకూ వినాలనుంది."

"పోదురూ, అందరూ చూస్తున్నారు," అనెను. మరల "మా వారు" అనియే దీపము విడిచెను. పోలయ్య గెడవేసి పడవను నీటిలోనికి త్రోసెను.

ఆ రాత్రి కొండల నడుమ లంగరు వేసి, భోజనములు చేసి, అందరు నిద్రించిరి. నడిరేయి గాలి లేచెను. లంగరు త్రాడు తెగెను. పడవ ఒక ప్రక్కకు ఒరిగి మరల నిలిచెను. అంతలోనే ఎవరి మనుషులను వారు తడిమి చూచుకొనిరి. మాణిక్యాంబ ప్రక్కనున్న చాప సగము తడిసి యుండెను. దానిపై ఎవరును లేరు.

ఆమె అంచునకు ప్రాకిపోయి "ఏమండీ, ఏమండీ" అని అరచెను. పడవలోని మగవారందరు తిరిగి చూచిరి. నీటిలోనివాడు పలుకలేదు. తమ్ములు పేరు పెట్టి కేకలు వేసిరి గాని, ఇంటి ఆడుదాని నోట వచ్చిన పేరే గౌతమి వినును.

"పేరెట్టి పిలవండమ్మా, మీ కాళ్లు మొక్కుతాను," అని పోలయ్య ఏడ్చెను.

ఆమె నోరు తెరచెను. ఇన్నేండ్లు మింగిన పేరు గొంతు దాటి రాలేదు. అప్పటికి చంద్రుని మబ్బు కమ్మెను.

వలలు వేసి వెదకిరి. కానరాడాయెను. తోటలు ఎండెను, పాడి వట్టిపోయెను. మెచ్చిన ఊరివారే పదవనాడు ఆమె గాజులు తీయించుటకై రేవునకు కొనివచ్చిరి. గాజుపై రాయి పడబోవుచుండగా, నీటి అంచున బట్టలు పిండుకొనుచున్న ముసలియొకతె తలయెత్తి, ఎవరి కొరకమ్మా ఈ ఏడుపని అడిగెను.

"మా వారి కోసమమ్మా," అనెను మాణిక్యాంబ.

"ఈ ఒడ్డుకొచ్చిన ఆడదల్లా ఆ మాటే అంటది. నా కడుపులో ఎంతమంది ఉన్నారో నీకేం తెలుసు. ఎవర్నని వెతికియ్యను?"

ఆమె గౌతమియేయని మాణిక్యాంబ గుర్తించెను. చేయి విడిపించుకొని, రేవున ఎవరో పెట్టిపోగా ఆరుచున్న దీపము నొకదానిని ఎత్తుకొని, నడుములోతు నీటిలోనికి నడచి, "పూర్ణచంద్రుడు. నా మొగుడు పూర్ణచంద్రుడు," అని అరచెను. గొంతు చీలువరకు అదే పేరు చెప్పెను. సిగ్గు ఎక్కడ పోయెనో ఆమెకే తెలియదు. ఒడ్డువారు తలలు వంచుకొనిరి.

ఎదుటి ఇసుక మేటపై నాచు పట్టిన మనుష్యుడొకడు లేచి కూర్చుండెను. పూర్ణచంద్రుడే. ఆమె పరుగెత్తి కౌగిలించుకొనగా, అతడామె మొగము చూచి, "ఎవరినమ్మా పిలుస్తున్నావు?" అని అడిగెను.

గౌతమి మనిషిని ఇచ్చెను గాని, ఆలస్యముగ చెప్పిన పేరును అతనికి తిరిగి ఈయలేదు. తోటలు చిగిర్చెను, ఆవులు చేపెను, ఇల్లు నిండెను. పూర్ణచంద్రుడు మాత్రము ప్రతి ఉదయము తానెవరో తెలియక లేచెను. మాణిక్యాంబ ప్రతి ఉదయము దీపము వెలిగించి, అతని యెదుట కూర్చుండి, ఆ పేరు చెప్పెను. ఒకనాడు వినగోరి అడిగినవాడు, ఇప్పుడది ఎవరిదోయన్నట్లు వినెను. ఆమె బ్రతికినన్నాళ్లు ఒక్క దినమును మానలేదు.

కావున శంఖకేతా, పడవ యెక్కువారును, వలవేయ పోవువారి ఇల్లాండ్రును, ఏరు దాటి అత్తవారింటికి పోవు బిడ్డలను గన్న తల్లులును ఈ వ్రతము చేయవలెను. చేసినవారికి పోయినవారు తిరిగివత్తురు, వచ్చినవారు తమ్ము తామెరిగి వత్తురు, పాడిపంటలకు లోటుండదు అని పర్ణాశనుడు పలికెను.

కథ విన్నవారు అక్షతలు ఏటివైపు చల్లి, ఇంటివారి పేర్లు ఒక్కొక్కటిగ పైకి చెప్పవలెను. గొణగరాదు. ఎవతెయైన సిగ్గుపడి ఆగినచో, ఆమె చెప్పువరకు దీపము కదల్పక, తక్కినవారందరు వేచియుండవలెను.